మనుమరాలిని ఎవరి ఇంట విడిచిపెట్టాలి?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి, ట్రెజరీలో ఇవ్వవలసిన జీవన ధ్రువీకరణ పత్రం గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శి గారు నన్ను వేరే విషయం మాట్లాడమన్నారు. పోయిన నెల సమావేశం అయిపోయాక చాయ తాగుతూ ఒక మిత్రుడు నన్ను అడిగిన ప్రశ్నే దానికి కారణం. "మా కోడలికి సెలవు అయిపోవస్తున్నది. మనుమణ్ణి కామారెడ్డిలో ఎవరో ఒకామె ఇంట్లో ఉంచుదామంటున్నరు. మీరు మనుమరాలిని అట్లనే ఉంచిన్రు గద, ఎట్ల చూసుకున్నరు?" అన్నాడు. నేను జవాబు చెప్పడం మొదలుపెడితే చుట్టూ ఏడెనిమిది మంది చేరారు. అప్పుడు అర్థమైంది, ఇది నా ఒక్కడి ఇంటి సంగతి కాదని.

నేను పిల్లల డాక్టరును కాను, ఉపాధ్యాయుణ్ణీ కాను. 1981లో ఎల్లారెడ్డి తాలూకా కచేరీలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, 2016లో మన కామారెడ్డి జిల్లా ఏర్పడిన ఏడాదే డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేశాను. 35 సంవత్సరాలు కాగితాలు పరిశీలించి సంతకాలు పెట్టినవాణ్ణి. అటువంటివాణ్ణి నా మనుమరాలి విషయంలో పరిశీలన లేకుండా సంతకం పెట్టాను. ఆ తప్పు మీకు చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

మా మనుమరాలు 2021 డిసెంబరులో పుట్టింది. కోడలు కామారెడ్డి దగ్గర ప్రభుత్వ బడిలో టీచరు. అబ్బాయి హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళతాడు. ప్రసూతి సెలవు 180 రోజులు. మనం పనిచేసిన తొలి రోజులతో పోలిస్తే అది ఎంతో నయం. ఆ పైన 2016 నాటి ఉత్తర్వు ప్రకారం శిశు సంరక్షణ సెలవు 90 రోజులు ఉన్నది గాని, ఒక విడతకు 15 రోజులకు మించి ఇవ్వరు. జ్వరానికి, టీకాలకు అది పనికి వస్తుంది. ప్రతి రోజూ ఉదయం 8 గంటల నుండి సాయంత్రం 5 గంటల దాకా బిడ్డ ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

వియ్యపురాలు మంచం పట్టిన భర్తను చూసుకుంటున్నది. కాబట్టి అందరి చూపూ మా మీద పడింది. "మేము ఉండగా పరాయి వాళ్ళెందుకు? పాపను ఎల్లారెడ్డిలో మా దగ్గర ఉంచండి" అని నేనే గొప్పగా అన్నాను. మా ఆవిడను అడగనైనా అడగలేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, పన్నెండేళ్ల నుండి షుగరు.

2022 జూన్ నుండి పాప మా దగ్గర ఉన్నది. కోడలు మొదట మూడు వారాలు రోజూ లింగంపేట మీదుగా బస్సులో వచ్చిపోయింది. పోను నలభై కిలోమీటర్లు, రాను నలభై కిలోమీటర్లు. ఇంటికి చేరేసరికి పాప నిద్రపోయేది. వానలు మొదలయ్యాక ఆమె కామారెడ్డిలోనే ఉండి శనివారం శనివారం రావడం మొదలుపెట్టింది. సెప్టెంబరులో ఒక శనివారం ఆమె వచ్చి చేతులు చాచింది. పాప మా ఆవిడ కొంగు పట్టుకుని ముఖం తిప్పుకున్నది. కోడలు ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి, ముఖం కడుక్కుని వచ్చింది. తొమ్మిది నెలల పిల్లలు కొత్త ముఖాలకు బెదరడం సహజమే. కాని తల్లి ముఖం కొత్త ముఖం కావడం సహజం కాదు.

ఆ మరుసటి వారం నేను బ్యాంకుకు వెళ్ళిన సమయంలో మా ఆవిడకు షుగరు పడిపోయింది. కళ్ళు తిరుగుతుంటే పాపను నేల మీద కూర్చోబెట్టి తాను గడప మీద ఒరిగిపోయింది. పక్కింటి ఆమె చూసి చక్కెర నీళ్ళు తాగించింది కాబట్టి సరిపోయింది. ఇంటికి వచ్చాక మా ఆవిడ అన్న మాట నేను మరచిపోలేను. "నాతోని కాదని చెప్పుదామంటే, నానమ్మవై ఉండి చూసుకోవా అంటరని ఊకున్న" అన్నది.

మిత్రులారా, మొదటి సంగతి ఇదే. పసిబిడ్డను ఎవరి దగ్గర ఉంచాలన్న పరిశీలన మన ఇంటి నుండే మొదలు కావాలి. పది కిలోల బిడ్డను రోజుకు ఇరవై సార్లు ఎత్తగలమా? పాకే బిడ్డ వెనక వంగి పరుగెత్తగలమా? మన చూపు, మన మందులు, మన మధ్యాహ్నపు నిద్ర సంగతి ఏమిటి? ఈ ప్రశ్నలు పరాయి మనిషిని అడిగినంత నిక్కచ్చిగా మనల్ని మనం అడుక్కోవాలి. ముఖ్యంగా మగవాళ్ళం "మేము చూసుకుంటాం" అంటాము. చూసుకునేది ఇంట్లో ఆడవాళ్ళు. వాళ్ళను అడగకుండా మాట ఇవ్వకూడదు. కాదని చెప్పడం ప్రేమ లేకపోవడం కాదు.

ఇక రెండవ సంగతి. పాపను తల్లి దగ్గరే ఉంచి, పగటి పూట కామారెడ్డిలో ఒక ఇంట్లో విడిచిపెట్టాలని నిర్ణయించాము. నాకు తెలిసిన ఒకాయన ఒక ఇల్లు చెప్పాడు. "మంచి కుటుంబం, మనకు తెలిసినవాళ్ళు" అన్నాడు. వెళ్ళి చూశాము. టైల్సు వేసిన హాలు, సోఫా, గోడ మీద పెద్ద టీవీ, మూలన బొమ్మల బుట్ట. చాయ ఇచ్చారు. కుర్చీలో కూర్చుని అరగంట మాట్లాడి నెల డబ్బులు ముందుగా ఇచ్చి వచ్చాము. ఆ అరగంటలో సగం మా బంధువులు ఎవరు, వాళ్ళ బంధువులు ఎవరు అన్నదే సరిపోయింది. పిల్లలు నిద్రపోయే గది చూడలేదు, వంటిల్లు చూడలేదు, ఎంతమంది పిల్లలున్నారని లెక్క అడగలేదు.

అక్టోబరు, నవంబరు గడిచాయి. సాయంత్రం కోడలు వెళితే, "పాప బంగారం టీచరమ్మా. అస్సలు ఏడ్వదు. పండుకోబెడితే మూడు గంటల దాక లేవదు" అనేవారు. మేము సంతోషించాము. కాని ఇంటికి వచ్చాక పాప రాత్రి ఒంటిగంట దాకా నిద్రపోయేది కాదు. పిలిస్తే తిరిగి చూడడం తగ్గింది. వెనక "తాతా" అన్నట్టుగా చేసే శబ్దాలు ఆగిపోయాయి. టీవీ పెడితే మాత్రం కదలకుండా చూసేది. కోడలు ఒకటి రెండు సార్లు అన్నది, "మామయ్యా, పాప మునుపటి లెక్క లేదు" అని. నేను "పిల్లలు పెరిగేటప్పుడు అట్లాగే ఉంటారమ్మా" అన్నాను. తెలిసినవాళ్ళు చెప్పిన ఇల్లు కదా, అనుమానిస్తే చెప్పినాయన ఏమనుకుంటాడో అన్నదే నా బెంగ.

2023 జనవరిలో ఒక రోజు నేను వేరే పని మీద కామారెడ్డి వచ్చాను. పదకొండు గంటలకు బస్సు దిగి, పాపను చూసి పోదామని చెప్పకుండా ఆ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది పన్నెండేళ్ల అమ్మాయి. ఇంటి ఇల్లాలు ఏదో పని మీద బయటికి పోయింది. టీవీ ముందు చాప మీద ఐదుగురు పిల్లలు. వారిలో ఇద్దరు నిద్రలో ఉన్నారు, ఒకరు మా పాప. ఆ అమ్మాయి చంకలో ఆరో పిల్లవాడు. అంటే ఆరుగురు పిల్లలకు ఒక పిల్ల.

"నీవెవరమ్మా?" అని అడిగాను.

"ఈమె మా చిన్నమ్మ తాతా. నేను ఈడనే ఉంట."

"బడికి పోవా?"

"ఐదు దాక చదివిన. పిల్లలను ఎవరు చూస్తరు మరి?" అన్నది.

గోడ గూటిలో జలుబు మందు సీసా ఒకటి కనబడింది. దాన్ని పాపకు పోశారని నేను అనను. నాకు రుజువు లేదు. కాని "మీరు మందులేమైనా ఇస్తారా" అన్న ప్రశ్న ఆ రోజు దాకా నేను అడగలేదన్నది మాత్రం నిజం. ఆ వెంటనే పాపను ఎత్తుకుని వచ్చేశాను.

బస్సులో తిరిగి వస్తూ నేను ఆ ఇల్లాలి గురించి ఆలోచించలేదు. మా అక్క గురించి ఆలోచించాను. మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. మా అమ్మ పోచారం కాలువ కింద వరి నాట్లకు పోయేది. నేను పుట్టినప్పుడు మా అక్కకు ఏడేళ్లు. మూడో తరగతి చదువుతున్నది. నన్ను చూసుకోవడానికి ఎవరూ లేక అక్కను బడి మాన్పించారు. చెట్టుకు చీర తొట్టెల కట్టి, నన్ను అందులో వేసి ఊపుతూ, పక్షులను తోలుతూ గట్టున కూర్చునేదట. నా తరువాత తమ్ముడు, చెల్లెలు. అక్క మళ్ళీ బడికి పోలేదు. నేను చదివి ఉద్యోగం చేసి పింఛను తీసుకుంటున్నాను. ఆమె ఇప్పటికీ వేలిముద్ర వేస్తుంది. మన పాత రోజుల్లో పసిపిల్లలను చూసుకోవడానికి ఎవరున్నారని అడిగితే ఉమ్మడి కుటుంబం ఉండేదని గొప్పగా చెప్పుకుంటాము. ఆ ఉమ్మడి కుటుంబంలో చాలా చోట్ల ఉన్నది ఇటువంటి ఒక ఆడపిల్లే. అరవై ఏళ్ల తరువాత నా మనుమరాలి కోసం మళ్ళీ ఒక ఆడపిల్ల బడి మానేసింది. దానికి నెలనెలా డబ్బు కట్టింది నేను.

ఇక్కడ రెండు మాటలు చట్టాల గురించి చెప్పాలి. పనిచేసే తల్లుల పిల్లలకు చోటు ఉండాలన్న ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే స్త్రీలు ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలని రాశారు. 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టంలోనూ ఆ మాట ఉండేది. కాని మన ప్రాంతంలో అక్కలు, చెల్లెళ్ళు బీడీలు చుట్టేది కార్ఖానాలో కాదు, ఇంటి అరుగు మీద. కాబట్టి ఆ గది వారి దాకా రాలేదు. 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ గారు భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం మొబైల్ క్రెషెస్ అనే సంస్థను ప్రారంభించారు. 1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. వచ్చింది, దానితో అంగన్‌వాడీలు వచ్చాయి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలలో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. ఆ నిబంధన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోకీ వచ్చింది. 2022లో మిషన్ శక్తి కింద పాల్నా అనే పేరుతో ఆరు నెలల నుండి ఆరేళ్ల దాకా పిల్లలకు పగటి సంరక్షణ కేంద్రాల పథకం పెట్టారు.

ఇన్ని ఉన్నా, అయిదారుగురు టీచర్లు ఉన్న బడిలో పనిచేసే మా కోడలికి వీటిలో ఒక్కటీ అందలేదు. అంగన్‌వాడీలో చిన్నపిల్లలను తూచి, బాలామృతం ఇస్తారు, కాని ఆటపాటల చదువు మూడేళ్ల నుండి ఆరేళ్ల పిల్లలకే. ఆరు నెలలు నిండి మూడేళ్లు నిండని బిడ్డకు పొరుగు ఇల్లే గతి. అందుకే ఆ ఇల్లు ఎంచుకోవడం మనకు తెలియాలి. మీ దగ్గర పాల్నా కేంద్రం ఉన్నదేమో ముందుగా మీ వీధి అంగన్‌వాడీ టీచరును అడగండి. మేము రెండవ ఇంటిని వెతికింది కూడా ఆమె సాయంతోనే. వీధిలో ఏ ఇంట్లో పిల్లలు బాగున్నారో, ఎవరి బరువు పెరుగుతున్నదో ఆమెకు తెలిసినంత మన బంధువులకు తెలియదు.

ఈసారి నేను కుర్చీలో కూర్చోలేదు. మా ఆవిడ, కోడలు, నేను ముగ్గురం నిలబడి ఇల్లంతా చూశాము. ఏమేమి చూడాలో వరుసగా చెబుతాను.

మొదట నీళ్ళు. మన ఇళ్ళలో ముందట సంపు ఉంటుంది. దాని మూత బరువుగా ఉన్నదా, తాళం ఉన్నదా చూడాలి. స్నానాల గదిలో నిండిన బకెట్లు, డ్రమ్ములు ఉంచకూడదు. పాకే బిడ్డ తలకిందులుగా పడితే జానెడు నీళ్ళు చాలు ప్రాణం పోవడానికి, అరుపు కూడా వినబడదు. తరువాత మెట్లు, గ్యాస్ పొయ్యి, చేతికి అందే కరెంటు ప్లగ్గులు, ఎలుకల మందు, ఫినాయిల్. తరువాత చిన్న వస్తువులు. గడియారాలలో, బొమ్మలలో ఉండే గుండీల వంటి బ్యాటరీలు మింగితే గొంతులోనే కాలుతాయి. పల్లీలు, పుట్నాలు, చింతగింజలు గొంతుకు అడ్డం పడతాయి.

రెండవది లెక్క. ఎందరు పిల్లలు, వారి వయసులు ఎంత, చూసుకునే పెద్దవారు ఎందరు? నడవని పిల్లలు ఇద్దరుంటే ఒక మనిషికి అదే నిండా పని. మొత్తం నలుగురికి మించితే ఒక్క మనిషి చూడలేదని నా అభిప్రాయం. ఆమె బయటికి పోవలసి వస్తే ఎవరు ఉంటారు? "మా అమ్మాయి ఉంటది" అంటే ఆ అమ్మాయి వయసెంత, ఏ బడిలో చదువుతున్నదో అడగండి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలు బడిలో ఉండాలి.

మూడవది ఆ ఇంటికి వచ్చిపోయే మనుషులు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, కిరాయికి ఎవరున్నారు, పగటిపూట ఎవరు వస్తారు? ఈ ప్రశ్న అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. పసిపిల్లల మీద అఘాయిత్యాలు జరుగుతున్నాయనే 2012లో పోక్సో చట్టం తెచ్చారు. అడగడం అవమానించడం కాదు. మంచి మనిషి దానికి కోపం తెచ్చుకోదు. ఎప్పుడు వచ్చినా తలుపు తీస్తారా అని కూడా అడగండి. "చెప్పి రండి" అనే ఇంట్లో బిడ్డను పెట్టకండి.

నాలుగవది తిండి, నిద్ర, మందు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు. మన పెద్దల అలవాటే కాని అది ప్రమాదం. పాలసీసా కంటె గిన్నె, చెంచా శుభ్రంగా ఉంటాయి. పసిబిడ్డను వెల్లకిలా పండుకోబెట్టాలి, తొట్టెలలో వేసి వేరే గదిలోకి పోకూడదు. మందు విషయంలో ఒకటే నియమం, తల్లి చేత్తో ఇచ్చి రాసిచ్చినది తప్ప చుక్క కూడా పోయకూడదు. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయిన తరువాత, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. "తొందరగా పండుకుంటది" అని ఆ సీసా ఎత్తేవారి ఇంట ఒక్క గంట కూడా ఉంచకండి.

ఐదవది టీవీ, ఫోను. ఏడాది నిండని బిడ్డకు తెర అసలే వద్దని, రెండేళ్లు నిండిన వారికీ రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా పాప శబ్దాలు ఆగిపోవడానికి కారణం నాకు అప్పుడు తెలిసింది. మనిషి మాట్లాడితేనే బిడ్డకు మాట వస్తుంది. పెట్టె మాట్లాడితే రాదు.

ఆరవది ఆపద. బిడ్డకు ఒళ్ళు కాలితే ముందు ఎవరికి ఫోను, వారు ఎత్తకపోతే ఎవరికి, ఏ ఆసుపత్రికి? 108 నంబరు, పిల్లల సాయానికి 1098 నంబరు గోడ మీద రాసి ఉండాలి. 2025 ఆగస్టు 27న వినాయక చవితి నాడు కామారెడ్డిలో కురిసిన వాన మీరెవరూ మరచిపోలేదు. రోడ్లు తెగిపోయాయి, రైలు కట్ట కొట్టుకుపోయింది. పండుగ సెలవు కాబట్టి పిల్లలు తల్లుల దగ్గర ఉన్నారు. అదే పనిదినమైతే? తల్లిదండ్రులు రాలేని రాత్రి బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో ముందే అనుకోవాలి.

మేము ఎంచుకున్న ఆమెకు నలభై ఐదేళ్లు ఉంటాయి. సోఫా లేదు, రెండు గదుల రేకుల ఇల్లు. నేల శుభ్రంగా ఉన్నది. ఒకప్పుడు రోజంతా బీడీలు చుట్టేది. ఆ మాట వినగానే నేను వెనకాడాను. తంబాకు దుమ్ము పిల్లలకు మంచిది కాదు కదా. అది ఆమెకే తెలుసు. "పిల్లలున్నంత సేపు చాట ముట్టను సార్. వాళ్ళు పోయినంక వెనక అర్రల చుట్టుకుంట. చేతులు కడుక్కోనిది పిల్లలను పట్టుకోను" అన్నది. వెనక గది చూపించింది. తునికి ఆకు, తంబాకు డబ్బా అన్నీ పైన, తలుపుకు గొళ్ళెం.

మేము అడిగిన దానికంటె ఆమె మమ్మల్ని ఎక్కువ అడిగింది. "పాప ఎట్ల పండుకుంటది? దేనికి భయపడ్తది? ఏం తింటే పడదు? టీకాల కార్డు తెచ్చిన్రా? నాకు జరం వస్తే ఆ రోజు మీరు ఏం చేస్తరు?" అన్నది. "నలుగురి కన్న ఎక్కువ పట్టుకోను, ఇప్పుడు ముగ్గురున్నరు, మీ పాపతోని నలుగురు" అని కూడా చెప్పింది. బాగా చూసుకునే మనిషికి గుర్తు ఇదే. మనల్ని ప్రశ్నలు అడుగుతుంది, తన హద్దు తాను చెబుతుంది. అన్నిటికీ "మీరేం ఫికర్ చెయ్యకుండ్రి" అనే మనిషి దగ్గరే ఫికరు పడాలి.

పాపను ఒక్కసారిగా విడిచిపెట్టలేదు. కోడలు 15 రోజుల సెలవు పెట్టింది. మొదటి రెండు రోజులు తాను పక్కనే కూర్చున్నది. తరువాత గంట, తరువాత పూట, ఆ పైన రోజంతా. ఎప్పుడూ చెప్పకుండా జారుకోలేదు. ఏడ్చినా సరే, "పోయొస్త బిడ్డా, సాయంత్రం వస్త" అని చెప్పి వెళ్ళింది. పాప మొదటి వారం బాగా ఏడ్చింది. ఆ ఏడుపు విని మా ఆవిడ బాధపడింది గాని, నాకు ధైర్యం కలిగింది. ముందటి ఇంట్లో పాప ఏడవనే లేదు. ఏడ్చే బిడ్డకు, తన ఏడుపు ఎవరో ఒకరు వింటారన్న నమ్మకం ఉన్నట్టు.

నెల తిరిగేసరికి రాత్రి నిద్ర దారిలో పడింది. ఉగాది పండుగకు ఎల్లారెడ్డి వచ్చినప్పుడు మా పెరట్లో కోడిని చూపించి, ఆ ఇంట్లో నేర్చిన మాటే కాబోలు, "కో కో" అన్నది. మేమందరం నవ్వుతుంటే కోడలు మాత్రం కళ్ళు తుడుచుకున్నది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఆమె అడిగినది నెలకు 3,500 రూపాయలు. నేను అలవాటు కొద్దీ మూడు వేలు అన్నాను. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లి, "బీరకాయలు కొంటున్నవా?" అన్నది. అడిగినంతా ఇచ్చాము. వేసవి సెలవుల నెలలోనూ సగం ఇచ్చాము, లేకపోతే ఆమె ఆ చోటు వేరే వారికి ఇవ్వక తప్పదు. బతుకమ్మ, బోనాలు ఆమెకూ పండుగలే, ఆ రోజుల సెలవుకు డబ్బు కోయలేదు. మనకు సంపాదన సెలవులు, సగం జీతం సెలవులు అన్నీ లెక్క కట్టి ఇచ్చారు. మన బిడ్డను పెంచే మనిషికి ఒక్క రోజు జ్వరం సెలవు ఇవ్వడానికి లెక్కలు చూడడం మనకు తగదు. ఆ డబ్బులో సగం నా పింఛను నుండి ఇచ్చాను. పాపను ఎత్తుకోలేని తాత చేయగలిగిన సంరక్షణ అది.

ఆ పన్నెండేళ్ల అమ్మాయి ఏమైందని మీరు అడగవచ్చు. పాపను తెచ్చుకున్నాక నెల రోజులు నేను ఏమీ చేయలేదు. మనకెందుకులే అనుకున్నాను. ఒక రోజు మా అక్కకు ఈ సంగతంతా చెప్పాను. ఆమె అంతా విని, "నీ మనుమరాలిని తెచ్చుకున్నవు. ఆ పిల్లను ఆడనే ఇడ్సిపెట్టినవా?" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మరునాడే మన సంఘంలోని ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుణ్ణి వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. మొదట వారికి కోపం వచ్చింది. మిత్రుడు ఓపికగా మాట్లాడాడు, పల్లెలో ఉన్న ఆ అమ్మాయి తల్లిదండ్రులతోనూ మాట్లాడాడు. ఆ జూన్‌లో అమ్మాయి కస్తూరిబా బాలికా విద్యాలయంలో ఆరో తరగతిలో చేరింది. ఇప్పుడు హైస్కూలు చదువుతున్నది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. మిత్రుడి ఓపిక, మా అక్క అడిగిన ఒక్క ప్రశ్న.

చివరగా మన సంఘానికి ఒక మనవి. మనలో ఉపాధ్యాయులున్నారు, ఆరోగ్య శాఖలో పనిచేసినవారున్నారు, ఐ.సి.డి.ఎస్.లో పనిచేసిన సోదరీమణులున్నారు. మన వీధిలో ఎవరైనా పిల్లలను చూసుకుంటుంటే నెలకొకసారి పోయి పలకరిద్దాం. సంపు మూత సరిగా ఉన్నదో లేదో చూద్దాం. పిల్లలకు ఒక కథ చెబుదాం. బడి ఈడు ఆడపిల్ల అక్కడ కనబడితే ఏ తరగతి అని అడుగుదాం. దీనికి ఉత్తర్వులు అక్కరలేదు, బడ్జెటు అక్కరలేదు.

మా మనుమరాలికి ఇప్పుడు నాలుగేళ్లు నిండాయి. ఎల్లారెడ్డి వచ్చినప్పుడల్లా మా అక్క దగ్గర కూర్చుని పలక మీద గీతలు గీస్తుంది. పోయిన నెల అక్క చేతికి బలపం ఇచ్చి, "పెద్దనానమ్మా, నువ్వు రాయి" అన్నది. అక్క ఒక సున్న చుట్టింది.